కారుపై ఎంత బరువు వేయవచ్చును?

ఇటీవలి కాలమున మన సంఘ సభ్యులలో కారు గల వారి సంఖ్య హెచ్చినది. పూర్వము ఎరువుల కొఱకు గిడ్డంగి యొద్దకు వచ్చువారు ఎడ్లబండ్లను, పిమ్మట ట్రాక్టర్లను తెచ్చుచుండిరి. ఇప్పుడు కారునే తెచ్చి, వెనుక సీటు మడిచి, యూరియా సంచులను అందులో పేర్చుకొని పోవువారును కనబడుచున్నారు. సంక్రాంతి వెళ్లిన మఱునాడు హైదరాబాదు, బెంగుళూరు త్రోవలు పట్టిన కార్లను చూచినచో పెక్కింటి వెనుక భాగము నేలకు క్రుంగి యుండును. బియ్యపు సంచులు, కొబ్బరికాయలు, పచ్చడి జాడీలు, అరిసెల డబ్బాలు మొదలుగా పుట్టింటివారు పెట్టినవన్నియు అందులో నుండును. ప్రేమకు తూకము లేదు గాని కారునకు కలదు. ఆ తూకమును ఎట్లు తెలిసికొనవలెనో, బరువును ఎచ్చట నుంచవలెనో, మించినచో ఏమి జరుగునో ఈ వ్యాసమున వివరింపబూనితిమి.

మొదట ఒక పొరపాటు తలంపును తొలగింపవలసి యున్నది. ఐదు సీట్లున్నవి గనుక ఐదుగురు కూర్చుండవచ్చుననియు, డిక్కీలో చోటున్నది గనుక అది నిండువఱకు సరకు వేయవచ్చుననియు పలువురు తలంచుచున్నారు. చోటు వేఱు, బరువు వేఱు. డిక్కీ నిండ విడి ప్రత్తిని వేసినను కారు క్రుంగినట్లు తెలియదు. అదే డిక్కీలో సగము మేరకు యూరియా వేసినచో వెనుక చక్రములపై మోయరాని భారము పడును. ప్రత్తి బోరెమును, వడ్ల బస్తాను ఎత్తి యెఱిగిన రైతునకు ఈ భేదమును వేఱుగా చెప్పవలసిన పని లేదు. అయినను కారు విషయమున మాత్రము మనము దీనిని మఱచుచుండుట కలదు.

ప్రతి కారునకును రెండు బరువులు నిర్ణయింపబడి యున్నవి. ఒకటి ఖాళీ బరువు. రెండవది మనుష్యులు, సరకు, ఇంధనము అన్నియు చేరిన పిమ్మట మించరాని నిండు బరువు. మొదటి దానిని రెండవ దానిలోనుండి తీసివేయగా మిగులునదే ఆ కారు మోయదగిన బరువు. నడుపువాని బరువు సయితము ఇందులోనిదే. ఖాళీ బరువు రిజిస్ట్రేషను పత్రమునందు వ్రాయబడి యుండును. నిండు బరువు కారుతోపాటు ఇచ్చిన పుస్తకమునందు దొరకును. పలు కార్లలో ఇంజను గది లోపల గాని, తలుపు తెఱచినప్పుడు కనబడు కంబము మీద గాని అంటించిన రేకుపైనను ఈ అంకె యుండును. పుస్తకమును కారు కొన్ననాడే పెట్టెలో పడవేయక ఒకసారి విప్పి చూచి, ఈ రెండంకెలను ఒక కాగితముపై వ్రాసి కారులోనే ఉంచుకొనుట మేలు.

ఒక ఉదాహరణమును తీసికొందము. ఒక చిన్న కారు ఖాళీ బరువు 900 కిలోలు, నిండు బరువు 1,335 కిలోలు అనుకొందము. మన ఊళ్లలో తిరుగు చిన్న కార్లలో పెక్కు ఈ అంకెలకు దగ్గఱగానే యుండును. అనగా మోయదగినది 435 కిలోలు. పండుగ ముగించుకొని పట్టణమునకు పోవు కుటుంబములో నడుపువాడు 70 కిలోలు, భార్య 60, ఎదిగిన పిల్లలిద్దఱు 110, పెద్దామె 60, మొత్తము 300 కిలోలు. మిగిలినది 135. 26 కిలోల బియ్యపు సంచులు రెండు వేసినచో 52, పీచు తీసిన కొబ్బరికాయలు ముప్పది సుమారు 18, పచ్చళ్లు, పిండివంటలు 15, బట్టల పెట్టెలు రెండు 30. ఇవన్నియు కలిసి 115 కిలోలు. ఇంకను 20 కిలోల సందున్నది. ఇంతవఱకు బాగుగనే యున్నది. "ఇంకొక రెండు సంచులు తీసికొనిపో, నాయనా" అని తాతగారు అనుటయు, కాదనలేక వేసికొనుటయు జరిగెనేని, 32 కిలోలు మించిపోయినట్లే. కారు కొన్న పిమ్మట గ్యాసు కిట్టును బిగించుకొన్న వారి లెక్క ఇంకను బిగువుగా నుండును. సి.ఎన్.జి. సిలిండరు ఖాళీగా నున్నప్పుడే సుమారు యాబది అరువది కిలోలు తూగును. ఆ బరువు మోయదగిన దానిలోనుండియే తఱుగును గాని కారు శక్తి దాని వలన పెరుగదు.

సంచుల బరువులను గూర్చి ఒక మాట. కోస్తా జిల్లాలలో వడ్ల బస్తా యనిన 75 కిలోలు. కొనుగోలు కేంద్రములలో నింపు గోనె 40 కిలోలు. డి.ఎ.పి. సంచి 50 కిలోలు. యూరియా సంచి పూర్వము 50 కిలోలే గాని 2018 నుండి 45 కిలోలు. 2022 జూలై 18 నుండి 25 కిలోల వఱకు గల కట్టిన బియ్యపు సంచులపై పన్ను వచ్చుటచే అంగళ్లలో 26 కిలోల సంచులు బయలుదేఱినవి. ఒక్కొక్క కిలో ఏపాటిది అనరాదు. పది సంచులలో అవియే పది కిలోలగును. కావున "నాలుగు సంచులే గదా" అని సంచులను లెక్కించుటకు బదులు కిలోలను లెక్కించుట అలవాటు చేసికొనవలెను.

ఇక మన గిడ్డంగి సంగతి. పై కారులోనే నడుపువాడు, తోడు వచ్చినవాడు ఇద్దఱు కలిసి 135 కిలోలు. పది యూరియా సంచులు 450 కిలోలు. మొత్తము 585. మోయదగిన దానికంటె 150 కిలోలు ఎక్కువ. ఇద్దఱున్నప్పుడు లెక్కకు ఆఱు సంచులు, అనగా 270 కిలోలు, సరిపోవును. అయినను కారు పాతదై స్ప్రింగులు అలసియున్నను, త్రోవ గుంటల మయమైనను నాలుగింటితో ఆగుట వివేకము. రెండవసారి వచ్చుటకగు పెట్రోలు ఖర్చు టైరు వెల ముందు స్వల్పము.

బరువు మించినచో ఏమగును? "మొన్న పది సంచులు తీసికొని పోతిని, ఏమియు కాలేదు గదా" అనువారున్నారు. ఒక్కనాటితో కారు విఱిగిపోదు, నిజమే. చెఱుపు లోలోపల జరుగును. అందు మొదటిది టైరు. టైరును మోయునది రబ్బరు కాదు, అందలి గాలి. బరువు హెచ్చినప్పుడు టైరు నేలను తాకు చోట ప్రక్కగోడ వంగును. చక్రము తిరుగుచున్నంతసేపు ఆ వంగుట, తిరిగి నిలుచుట క్షణక్షణము జరుగును. ఇనుప తీగెను పదేపదే వంచిన చోట వేడియెక్కునట్లు ప్రక్కగోడ వేడియెక్కును. గాలి తక్కువై, బరువు ఎక్కువై, మే నెల ఎండలో తారు రోడ్డుపై వేగముగా పోయినచో ఆ వేడి తగ్గుటకు వ్యవధి యుండదు. లోపలి పొరలు విడిపోయి టైరు ఒక్కసారిగా పగులును. అది ముందు చక్రమైనచో స్టీరింగు చేతి నుండి జాఱును. వెనుకదైనచో కారు తోక అడ్డము తిరుగును. పెద్ద రోడ్డుపై వేగముగా పోవుచుండగా ఇట్లు జరుగుటకును, ఊరి పొలిమేరలో పంక్చరగుటకును పోలిక లేదు.

రెండవది బ్రేకు. కదలు బండి శక్తినంతటిని వేడిగా మార్చి ఆపునది బ్రేకు. 150 కిలోలు మించిన మన ఉదాహరణములో బ్రేకులు ఒక్కొక్కసారి నూటికి పదునొకండు వంతులు ఎక్కువ వేడిని భరింపవలసి యుండును. బల్లపఱుపు నేలపై ఇది తెలియదు. దోర్నాల నుండి శ్రీశైలమునకు పోవు ఘాటు త్రోవలోను, తిరుమల నుండి దిగునప్పుడును తెలియును. మాటిమాటికి తొక్కగా బ్రేకులు కాగి పట్టు సడలును. అట్టి దిగుళ్లలో తక్కువ గేరు వేసి ఇంజను చేతనే బండిని పట్టింపవలెను గాని బ్రేకుపై కాలుంచి దిగరాదు. వేగము సంగతి బరువుకంటెను గట్టిది. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవునప్పటి కంటె 80తో పోవునప్పుడు బ్రేకు మ్రింగవలసిన శక్తి నూటికి డెబ్బది ఎనిమిది వంతులు అధికము. అందుచేత నిండు బరువుతో పోవువారు వేగమును తగ్గించుకొని, ముందు బండికి దూరము పెంచుకొని పోవలసినది.

మూడవది తూగు. దీనిని మన పెద్దలు ఏ పుస్తకమును చదువకయే ఎఱిగి యుండిరి. ఎడ్లబండిపై బస్తాలు వేయునప్పుడు ముందునకు ఎక్కువైనచో కాడి ఎడ్ల మెడలను నొక్కును. వెనుకకు ఎక్కువైనచో నొగ పైకి లేచి కాడి మెడలను వీడును, ఎత్తు ఎక్కునప్పుడు పలుపులు గొంతులకు బిగియును. కనుకనే మంచి బండివాడు ఇరుసుకు అటునిటు సరితూగునట్లు బస్తాలను సర్దెడివాడు. కారునకు రెండు ఇరుసులున్నవి గాని సూత్రము అదియే. డిక్కీ వెనుక ఇరుసునకు వెనుకగా నుండును. ముందు ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ 245 సెంటీమీటర్లు గల కారులో, వెనుక ఇరుసునకు 60 సెంటీమీటర్లు వెనుకగా 100 కిలోలు ఉంచినచో వెనుక చక్రములపై పడునది నూఱు కాదు, 124 కిలోలు. ముందు చక్రములపై 24 కిలోలు తేలికపడును. నేటి చిన్న కార్లలో పెక్కింటికి ఇంజను లాగునది ముందు చక్రములనే. త్రిప్పునదియు వానినే. అవి తేలికపడినచో స్టీరింగు తేలిపోవును, తడి నేలపైనను ఎత్తులలోను చక్రము వట్టిగా తిరుగును. రాత్రివేళ దీపములు రోడ్డును విడిచి ఎదుటివాని కన్నులలో పడును. ఎదురు వచ్చువారు మాటిమాటికి దీపములార్పి వెలిగించుచున్నచో మన డిక్కీ బరువే కారణము కావచ్చును.

కొందఱు వెనుక స్ప్రింగుల చుట్ల నడుమ రబ్బరు దిమ్మలను బిగింపించుకొని, ఇక ఎంతయైనను వేయవచ్చునని ధైర్యము చెప్పుకొనుచున్నారు. ఆ దిమ్మలు కారు వెనుక భాగమును పైకెత్తును. టైరు శక్తిని గాని, బ్రేకు శక్తిని గాని, ఇరుసు శక్తిని గాని ఎత్తవు. క్రుంగుట అనునది కారు మనకు చేయు హెచ్చరిక. హెచ్చరికను కనబడకుండ చేసికొనుటలో లాభమేమి?

బరువును ఉంచు విధమును చెప్పెదము. అన్నిటికంటె బరువైనవి అన్నిటికంటె క్రిందను, రెండు ఇరుసుల నడుమను ఉండవలెను. వెనుక సీటున మనుష్యులు లేనప్పుడు ఆ సీటు ముందు కాళ్లుంచు చోటు ఉత్తమము. అచ్చట ఒక్కొక్క ప్రక్క ఒక్కొక్క సంచి చొప్పున ఉంచినచో కుడియెడమల తూగును సరిపోవును. తరువాత డిక్కీలో వెనుక సీటు వీపునకు ఆనించి, అడ్డముగా పరుండబెట్టి పేర్చవలెను. డిక్కీ తలుపునకు ఆనునట్లు చివర బరువు వేయుట చెడ్డ పద్ధతి. తేలికైన బుట్టలు, బట్టల సంచులు మీద ఉండవచ్చును గాని సీటు వీపు ఎత్తును మించి పేర్చరాదు. వెనుక అద్దము నుండి చూపు ఆనవలెను. నడుపువాని కాళ్ల దగ్గఱ, సీటు క్రింద దొర్లు వస్తువు ఏదియు ఉండరాదు. ఒక్క కొబ్బరికాయ బ్రేకు పెడలు క్రిందికి దొర్లినను చాలును.

కట్టుట అనునది పలువురు ఉపేక్షించు విషయము. బండి మూసియున్నది గదా, సరకు ఎచ్చటికి పోవునని అనుకొందురు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనినైనను ఢీకొని అరమీటరు దూరములో ఆగెననుకొందము. అందలి ప్రతి వస్తువును తన బరువునకు సుమారు ఇరువది రెట్ల బలముతో ముందునకు త్రోసికొని పోవును. 25 కిలోల బియ్యపు సంచి ఆ క్షణమున అర టన్ను బలముతో ముందు సీటున నున్నవాని వీపును త్రాకును. ముందునుండి వచ్చిన దెబ్బను సీటు బెల్టు కాచినను, వెనుకనుండి వచ్చిన సంచిని కాచువారు లేరు. కాబట్టి సంచులను గట్టి త్రాడుతో గాని, పట్టెతో గాని డిక్కీలోని కొక్కెములకు బిగించి కట్టవలెను. సీటు మీద సంచి ఉంచవలసి వచ్చినచో సీటు బెల్టునే దానికి చుట్టి తగిలింపవచ్చును. వెనుక కూర్చుండిన వారును బెల్టు పెట్టుకొనవలెనని వేఱుగా చెప్పనక్కఱలేదు. అది నియమమును గూడ. పిల్లలను సంచులపై కూర్చుండబెట్టుట ఎంతమాత్రమును తగదు.

కప్పుపై వేయు బరువును గూర్చి ప్రత్యేకముగా హెచ్చరింపవలసి యున్నది. చిన్న కార్ల కప్పు సాధారణముగా 50 మొదలు 75 కిలోల లోపు బరువునకే తగియుండును. కొన్ని కార్ల కప్పుపై ఏమియు వేయరాదని పుస్తకములోనే వ్రాసియుండును. బిగించిన క్యారియరు బరువును ఆ లెక్కలోనిదే. ఎత్తున నున్న బరువు మలుపులలో కారును ఒరగద్రోయును. గడ్డిబండి మలుపు తిరుగునప్పుడు చూచిన వారికి ఇది విశదము. కప్పుపై పఱుపులు, బుట్టలు వంటి తేలిక సామానును తప్ప ధాన్యమును, ఎరువును ఎన్నడును వేయరాదు.

టైరుల గాలిని గూర్చి కొంచెము వివరముగా చెప్పుట అవసరము. నడుపువాని తలుపు కంబముపై ఒక పట్టిక యుండును. అందు ఇద్దఱు ముగ్గురితో పోవునప్పుడు ఎంత, నిండు బరువుతో పోవునప్పుడు ఎంత అని ముందు వెనుక చక్రములకు వేర్వేఱు అంకెలు వ్రాసియుండుట సాధారణము. నిండు బరువునకు వెనుక చక్రముల అంకె హెచ్చుగా నుండును. ఆ మేరకు గాలి పెట్టింపవలెను. టైరు చల్లగా నున్నప్పుడే, అనగా బయలుదేఱుటకు ముందే, గాలి చూడవలెను. యాబది కిలోమీటర్లు పోయిన పిమ్మట చూచినచో వేడిచే అంకె హెచ్చి కనబడును. ఎక్కువైనదని అప్పుడు గాలి తీసివేయుట పెద్ద పొరపాటు. చల్లారిన పిమ్మట అది తక్కువై యుండును. స్టెప్నీకి గాలి పెట్టించుట మఱువరాదు.

టైరు ప్రక్కగోడపై 165/80 ఆర్ 14 85 టి అనునట్లు ఒక వరుస అచ్చువేసి యుండును. అందు చివరనున్న 85 అను అంకె బరువును తెలుపు సంకేతము. 85 అనిన ఆ టైరు 515 కిలోలు మోయును. 82 అనిన 475 కిలోలు, 88 అనిన 560 కిలోలు. టైరులు మార్చునప్పుడు ఈ అంకె పూర్వపు దానికంటె తక్కువ కాకుండ చూచుకొనవలెను. వెల తక్కువయని తక్కువ అంకె గల టైరును వేయించుకొనువారు బరువు వేయు హక్కును పోగొట్టుకొన్నట్లే. అట్లని ఎక్కువ అంకె గల టైరు వేసినంత మాత్రమున కారు నిండు బరువు పెరుగదు. ఇంకొకచోట చిన్న గళ్లలో నాలుగంకెలుండును. 2219 అని యున్నచో 2019వ సంవత్సరపు 22వ వారమున తయారైనదని అర్థము. నమూనా అరుగకున్నను పాతబడి ప్రక్కగోడ నెఱ్ఱెలు విచ్చిన టైరుపై నిండు బరువు వేయరాదు.

చట్టమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 113వ సెక్షను ప్రకారము రిజిస్ట్రేషనులో నిర్ణయించిన మొత్తపు బరువును మించిన బండిని నడుపరాదు. 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చిన సవరణను అనుసరించి, బరువు మించినందులకు 194వ సెక్షను క్రింద 20,000 రూపాయలును, మించిన ప్రతి టన్నునకు మఱి 2,000 రూపాయలును జరిమానా విధింపవచ్చును. మించిన సరకును దింపువఱకు బండిని కదలనీయరు. దింపుటకగు ఖర్చును బండివారిదే. సరకు బండి ప్రక్కలకు గాని, ముందు వెనుకలకు గాని, ఎత్తునకు గాని హద్దు దాటి పొడుచుకొని వచ్చినను అట్టి జరిమానాయే కలదు. అక్కడికక్కడ కట్టు రుసుములు రాష్ట్రమును బట్టి వేఱుగా నుండవచ్చును. స్వంత కారులో ఇతరుల సరకును కిరాయికి మోయుట వేఱొక తప్పు. జరిమానా ఒక యెత్తు, ప్రమాదము జరిగినప్పుడు బరువు మించియున్నదని భీమా కంపెనీ తగవు పెట్టుటకు సందిచ్చుట ఒక యెత్తు.

ఇంతకును తన కారు ఎంత తూగుచున్నదో నిశ్చయముగా తెలిసికొనుటకు సులభోపాయము మన చెంతనే కలదు. బియ్యపు మిల్లులలోను, ప్రత్తి మిల్లులలోను, మార్కెటు యార్డులలోను బండ్ల కాటాలున్నవి. ఒకసారి ఖాళీ కారును, ఒకసారి పండుగ ప్రయాణపు బరువుతోను కాటాపైకి ఎక్కించి చూడుడు. వీలైనచో ముందు చక్రములను మాత్రము కాటాపై నుంచి ఒక తూకము, కారంతటిని ఉంచి ఒక తూకము తీసినచో, రెంటి భేదము వెనుక ఇరుసుపై పడు బరువును చెప్పును. ఒక్కొక్క ఇరుసు ఎంత మోయదగునో కొన్ని కార్ల రేకులపై వ్రాసియుండును. దానితో పోల్చుకొనవచ్చును. లారీ తూకమునకు వేచి యున్నవారు కారును చూచి నవ్వినను నవ్వనిండు.

పురుగుమందుల విషయము ఒకటి ఇందులో చేర్పవలసి యున్నది. అవి బరువున స్వల్పము గాని అద్దములు మూసిన కారులో మనుష్యులతోను, తినుబండారములతోను కలిపి తీసికొని పోదగినవి కావు. సీసా మూత కొంచెము వదులైనను ఆ వాసన లోపలి గాలిలో నిండును. వానిని గట్టి డబ్బాలో నిలువుగా నుంచి, బియ్యము, పశువుల దాణా వంటి వానికి తగులకుండ డిక్కీలో వేఱుగా కట్టి, అద్దములు దింపుకొని పోవలెను. వెనుక సీటున పిల్లలున్ననాడు తీసికొనకుండుటయే మంచిది.

ఎరువులను కారులో తెచ్చుకొనుటకు కారణము ట్రాక్టరు కిరాయి హెచ్చుగా నుండుటయే యని మేమెఱుగుదుము. ఐదు సంచుల కొఱకు ఎవరును ట్రాక్టరును పిలువలేరు. అయితే 750 కిలోల సరకును మోయు చిన్న సరకు బండిలో 16 యూరియా సంచులు, అనగా 720 కిలోలు, హద్దులోనే పోవును. ఒకే త్రోవలోనున్న ముగ్గురు నలుగురు సభ్యులు కలిసినచో ఆ కిరాయి ఒక్కొక్కరికి కారు పెట్రోలు ఖర్చును మించకపోవచ్చును. గిడ్డంగికి సరకు వచ్చుటకు ముందే తమకు కావలసిన సంచుల సంఖ్యను, ఊరి పేరును సంఘ కార్యదర్శికి వ్రాయించినచో, ఒక్కొక్క త్రోవకు ఒక బండి చొప్పున కుదుర్చుటకు వీలగును.